విస్తళ్ల తాతయ్య ఆవులింతలు

నా చిన్నప్పుడు నా ఎడమ బుగ్గలో ఎప్పుడూ ఒక కరక్కాయ ముక్క ఉండేది. తోటిపిల్లల బుగ్గల్లో బెల్లం ముక్కో, చింతకాయో ఉంటే, నాకు మాత్రం పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ వగరు ముక్కే. మా నాయనమ్మ రోజూ రోకలితో కరక్కాయ పగలగొట్టి, లోపలి గింజ తీసేసి, పెచ్చుకు కాస్త ఉప్పద్ది నా బుగ్గన పెట్టేది. అది నాని పీచులా అయ్యాక మధ్యాహ్నం ఇంకొకటి పెట్టేది. నా గొంతు బాగుపడాలని ఆవిడ తాపత్రయం.

నిజానికి నాకు గొంతు జబ్బేమీ లేదు. నేను ముక్కుతో మాట్లాడేదాన్ని, అంతే. నోరు సరిగ్గా తెరుచుకునేది కాదు, మాట బయటికి వచ్చేలోపే సగం ముక్కులోకి ఎక్కేది. మూత పెట్టిన బిందెలోంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉంటుందని అమ్మ అనేది. బళ్లో పిల్లలు నాకు జోరీగ అని పేరు పెట్టారు. కోపం వచ్చి తిడితే ఆ తిట్టు కూడా జోరీగ రొదలాగే వినపడేది కాబట్టి తిట్టడం మానేశాను. తర్వాత్తర్వాత మాట్లాడటమే తగ్గించుకున్నాను. ఇంటికి చుట్టాలొస్తే నాయనమ్మ నన్ను ముందే వంటింట్లోకి పంపేసేది. చెడ్డబుద్ధితో కాదు, వాళ్లు నవ్వితే నేను చిన్నబుచ్చుకుంటానని.

ఆవిడ చేయని వైద్యం లేదు. గొంతు చుట్టూ పసుపూ సున్నం కలిపి పట్టు వేసేది. మిరియాల కషాయం తాగించేది. వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాసేది. అన్నిటికంటే కరక్కాయ మీద ఆవిడకు గురి ఎక్కువ. ఎందుకంటే ఆవిడ పడుచుదనంలో మా వీధి చివరి తాతయ్య నాటకంలో వేషం కట్టబోయే ముందు కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం కళ్లారా చూసింది. ఆ గొంతు అంత బాగుండటానికి కారణం అదేనని నమ్మింది. ఆయన పెట్టుకున్నది గంటసేపు, వేషానికి ముందు తీసి పారేసేవాడు. నాకు పెట్టింది నాలుగేళ్లు.

ఇదంతా నేను ఇప్పుడు నందిగామలో, మా ఇంటి వసారాలో కూర్చుని రాస్తున్నాను. డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో పాఠాలు చెప్పినదాన్ని, ఈ మధ్య నాలుగు మాటలు మాట్లాడాలంటేనే విసుగ్గా, అలసటగా ఉంటోంది. అడిగినవాళ్లకు తల ఊపి ఊరుకుంటున్నాను. రాయడానికి మాత్రం ఇంకా ఓపిక ఉంది.

మాది చిల్లకల్లు. మా ఊరి బడి అప్పట్లో ఐదో తరగతితో ఆగిపోయేది. ఆరో తరగతికి బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాలి. మేమంతా పేట అనే అంటాం. నేను ఐదు చదివే ఏడు, బడి పరీక్ష చేయడానికి ఎవరో ఆఫీసరుగారు వచ్చారు. ఊరి పెద్దలతో పాటు మా నాన్న కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. క్లాసులో మొదటి మార్కులు నావే కాబట్టి మాస్టారు నన్నే లేపి చదవమన్నారు. కరక్కాయను నాలుకతో ఒక పక్కకు నెట్టుకుని, పళ్లు బిగించి చదివాను. నాలుగు పంక్తులు అయ్యేసరికి ఆఫీసరుగారు చెయ్యెత్తి ఆపి, ఈ పిల్ల బుర్ర కాస్త మందమా అని మాస్టారిని మెల్లగా అడిగారు. మెల్లగా అడిగినా గుమ్మం దాకా వినపడింది.

నాన్న ఆ పూట ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. ఆయన కఠినుడేమీ కాదు. మెట్ట పొలం, వాన మీద ఆశ పెట్టుకుని వేసే మిరపా కందీ, ఎప్పుడు చూసినా అలసిపోయి ఉండేవాడు. ఆ అలసటలోనే అమ్మతో ఒక మాట అన్నాడు. పేటలో పెద్ద బడివాళ్లు చేర్చుకునే ముందు పిల్లలచేత పుస్తకం చదివిస్తారట, అక్కడ చదివి చేర్చుకుంటే పంపిద్దాం, అక్కడ కూడా నేను తల దించుకోవాల్సి వస్తే మాత్రం ఇక చదువు మాట ఎత్తొద్దు, వచ్చే ఏడు నీతోపాటు మిరపకోతలకు తీసుకెళ్లు అన్నాడు. నేను తలుపు వెనక ఉండి విన్నాను. వేసవి సెలవులు గడిస్తే తేలిపోయే సంగతి. నాకు చదువు తప్ప ఇంకేదీ చేతకాదు. పుస్తకం లోపల్లోపల చదువుకునేటప్పుడు నా గొంతు నాకు ఎంతో బాగా వినపడేది. అది బయటికి ఎందుకు రాదో తెలియక దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఆ వేసవిలోనే మా తాతయ్య తద్దినం వచ్చింది. విస్తళ్లు చెప్పి రమ్మని నాయనమ్మ నన్ను వీధి చివరికి పంపింది.

వీధి చివరి తాతయ్య అంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆయన వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు. రాణి, చెలికత్తె, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఏ వేషమైనా ఆయనే. అటు పరిటాల, ఇటు వీరులపాడు, నందిగామ, పేట, ఎక్కడ పందిరి వేసినా ఆయన కోసం బళ్లు కట్టుకుని వచ్చేవారట. తర్వాత ఆయనకు చిగుళ్ల జబ్బు చేసి ఏడాదిలో పళ్లన్నీ పోయాయి. బుగ్గలు లోపలికి పోయాయి. మాట తిరగలేదు. సకారం పలకబోతే గాలి పోయేది, తకారం పలకబోతే నాలుక ఎక్కడ ఆగాలో తెలియక జారిపోయేది. మేళంవాళ్లు రెండు మూడుసార్లు పిలిచి చూసి ఇక పిలవడం మానేశారు. నేనెరిగేనాటికి ఆయన ఒంటరిగా ఒక చిన్న తాటాకు కొంపలో ఉంటూ, అరుగు మీద కూర్చుని మోదుగాకులతో విస్తళ్లు కుట్టేవాడు. ఎవరైనా పాత మోజు కొద్దీ ఒక పద్యం పాడమంటే పెదాలు విప్పకుండా నవ్వి, తల అడ్డంగా ఊపేవాడు.

ఆయన గురించి ఊళ్లో ఇంకో మాట కూడా ఉండేది. బద్ధకస్తుడని. ఎప్పుడు చూసినా ఆవులిస్తూ ఉండేవాడు. ఒక ఆకు అందుకుని, పుల్ల గుచ్చి, ఆవులించేవాడు. ఇంకో ఆకు అందుకుని మళ్లీ ఆవులించేవాడు. నోరు ఇంత పెద్దది చేసి, కళ్లు మూసి, తాపీగా ఆవులించేవాడు. దారిన పోయేవాళ్లు, రాణిగారికి ఇంకా నిద్ర తీరలేదని నవ్వుకుంటూ పోయేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

నేను వెళ్లి, యాభై విస్తళ్లు కావాలని నాయనమ్మ చెప్పమంది అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. ఆయన అడిగింది నాకూ సరిగ్గా అర్థం కాలేదు. మూడోసారి చెప్పాక ఆయన చేతిలో ఆకు కింద పెట్టి, నా ముఖంలోకి వంగి చూశాడు.

"నోట్లో ఏంటమ్మాయ్ అది?"

నేను కరక్కాయ తీసి అరచేతిలో పెట్టి చూపించాను. ఎందుకని అడిగితే చెప్పాను. ఎన్నాళ్లనుంచని అడిగితే అదీ చెప్పాను. ఆయన కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పెదాలు విప్పి నవ్వడం అదే మొదటిసారి నేను చూడటం. ఎర్రటి చిగుళ్లు, మధ్యలో నాలుక, పసిపిల్లాడి నోరులా ఉంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, రేపు విస్తళ్లు తీసుకెళ్లడానికి వచ్చేటప్పుడు ఒక కొబ్బరాకు కూడా పట్టుకురమ్మన్నాడు.

మర్నాడు కరణంగారి పెరట్లో చెట్టునుంచి రాలిన ఆకు రెబ్బ ఒకటి పట్టుకెళ్లాను. ఆయన ఈనె చీల్చేసి, ఆకును చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక ముక్కను వేలంత లావున గట్టిగా చుట్టాడు. ఒక కొస పళ్లకు బదులు చిగుళ్ల కింద పెట్టి నొక్కి చదును చేశాడు. దాన్ని పెదాల మధ్య పెట్టి ఊదాడు. కీచుమని ఒక మోత వచ్చింది. అరుగు కింద పడుకున్న కుక్క లేచి పోయింది.

"ఇదిగో, ఇదే నీ గొంతు. నా గొంతూ ఇదే, మీ నాయనమ్మ గొంతూ ఇదే. చెవులు చిల్లులు పడే మోత తప్ప ఇందులో ఇంకేం లేదు," అన్నాడు.

తర్వాత మిగిలిన ఆకును ఆ ముక్క చుట్టూ మెలికలు మెలికలుగా చుట్టి, చివర వెడల్పయ్యేట్టు బూర చేసి, విడిపోకుండా ఈనె గుచ్చాడు. ఊదితే ఆ కీచుమోత పోయి, సన్నాయిలాంటి నిండు నాదం వచ్చింది. ఇంకో రెండు చుట్లు కలిపి బూర పొడుగు చేస్తే, అదే మోత ముసలివాడి గొంతులా బరువుగా దిగింది. చుట్లు విప్పి పొట్టి చేస్తే పిల్లగొంతు అయింది. అప్పుడు చుట్టంతా తీసేసి, ఆ ముక్క ఒక్కటే నోట్లో పెట్టుకుని, దాని ముందు రెండు చేతులూ దోసిలిలా మూసి, మెల్లగా తెరిచి, మళ్లీ మూశాడు. ఉయ్యాల్లో బిడ్డ ఉవ్వా ఉవ్వా అని ఏడ్చినట్టు వచ్చింది. పక్కింట్లోంచి ఎవరో తొంగి చూశారు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఎన్నాళ్ల తర్వాతో గట్టిగా నవ్వాను.

"ముక్క మార్చానా? మార్చలేదు కదా. మారిందల్లా దాని ముందున్న చోటు. మీ వాళ్లు నీ గొంతుకి మందేస్తన్నారు. గొంతుకేం కాలా అమ్మాయ్. నువ్వు దానికి చోటివ్వట్లా."

అంత పెద్ద మాట ఆయన ఒక్కసారిగా చెప్పలేదు. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, జారిపోయిన అక్షరాన్ని మళ్లీ పట్టుకుని చెప్పాడు. చెప్పాక అలసిపోయి గోడకు చేరగిలబడ్డాడు. నాకు మాత్రం ఒక్క అక్షరం కూడా పోకుండా వినపడింది.

ఆ వేసవంతా నేను ఆయన అరుగు మీదే ఉన్నాను. ఆకులు ఏరి ఇస్తున్నానని ఇంట్లో చెప్పాను, అది అబద్ధం కూడా కాదు. కరక్కాయ మాత్రం వీధి మలుపు తిరగ్గానే తీసి పావడా కుచ్చిళ్లలో ముడేసుకునేదాన్ని. ఆయన నా చూపుడువేలు తన గొంతుముడి మీద పెట్టించుకుని రాణిలా ఒక కూత తీసేవాడు. ముడి నా వేలి కింద పైకి జారేది, పెదాలు నవ్వుతున్నట్టు వెనక్కి పోయేవి, గొంతు సన్నబడేది. తర్వాత రాజులా హుంకరించేవాడు. ముడి కిందికి దిగేది, పెదాలు ముందుకొచ్చేవి, గొంతు పందిరి అవతలికి వినపడేంత బరువయ్యేది. రాణికీ రాజుకీ మధ్య ఉన్నది నాలుగు వేళ్ల చోటేనని, దాన్ని పొడుగు చేయడం పొట్టి చేయడంలోనే తన జీవితమంతా గడిచిందని చెప్పాడు.

నాకు ఇచ్చిన మొదటి పాఠం ముక్కు మూసుకోవడం. ముక్కు మూసి ఆ అనమన్నాడు. నా 'ఆ' పూర్తిగా మారిపోయి, జలుబు చేసినట్టు మూసుకుపోయి వచ్చింది. తను ముక్కు మూసుకుని ఆ అన్నాడు, ఏమీ మారలేదు. అంగిలి వెనక మెత్తటి తలుపు ఒకటి ఉంటుందని, మాట్లాడేటప్పుడు అది పైకి లేచి ముక్కుదారి మూయాలని, నా తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటోందని, పైగా కరక్కాయ జారిపోకుండా పళ్లు బిగించి పెట్టుకుంటే మాటకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతోందని చెప్పాడు. మరి ఆ తలుపు లేపడం ఎలాగని అడిగాను. చేత్తో అందేది కాదు, కంటికి కనపడేది కాదు.

ఆయన జవాబు చెప్పకుండా ఆవులించాడు. ఆవులింత అంటుకునే రోగం కదా, నాకూ వచ్చింది. నోరు సగం తెరుచుకోగానే ఆపమన్నాడు. కదలొద్దన్నాడు. లోపల ఎలా ఉందో చూసుకోమన్నాడు. నాలుక కిందికి దిగిపోయి, అంగిలి వెనక భాగం పైకి లేచి, లోపలంతా సామాను తీసేసిన గదిలా ఖాళీగా, చల్లగా ఉంది. ఆ గదిలోంచే ఆ అనమన్నాడు. అన్నాను. ఆ గొంతు నాది కాదనిపించి భయం వేసి నోరు మూసేశాను.

ఇవన్నీ ఒక్కరోజులో కుదరలేదు. ఆవులింత లేనప్పుడు తలుపు మళ్లీ వాలిపోయేది. రోజుకు ఇరవైసార్లు దొంగ ఆవులింతలు తీసేదాన్ని. మా చెల్లెలు నన్ను చూసి తనూ ఆవులిస్తూ, అక్కకు దయ్యం పట్టిందని అమ్మకు చెప్పింది. అమ్మ వినీ విననట్టు ఊరుకుంది.

అంతలో ఒకరోజు స్నానానికి పావడా విప్పుతుంటే ముడిలోంచి ఏడెనిమిది కరక్కాయ పెచ్చులు నాయనమ్మ కాళ్ల దగ్గర రాలాయి. ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఎవరు చెప్పారని గదిమితే నేను ఆగలేక చెప్పేశాను. ఆవిడ నా రెక్క పట్టుకుని అలాగే వీధి చివరికి లాక్కెళ్లింది. నాలుగేళ్ల వైద్యం పాడుచేశావని, పేట బడివాళ్లు వద్దంటే ఈ పిల్ల బతుకు ఏం కావాలని అరుగు ముందు నిలబడి కడిగేసింది. ఆయన తల వంచుకుని పుల్లలు ఏరుకుంటూ ఉన్నాడు. ఆ మౌనానికి ఆవిడకు ఇంకా ఒళ్లు మండింది.

"పళ్లూడి నీ మాటే నీకు తిన్నగా రావట్లేదు. నువ్వా మా పిల్లకి మాటలు నేర్పేది?"

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆ మాట ఎవరికి తగలాలో వారికి తగిలింది. నాకు నేల చీలితే బాగుండనిపించింది. ఆయన చేతిలో ఆకు పక్కన పెట్టి, తల పైకెత్తి, చాలా నెమ్మదిగా అన్నాడు.

"నిజమే వదినా. పళ్లున్నప్పుడు మాట ఎక్కడ తయారవుద్దో నాకూ తెలీదు. పోయాకే వెతుక్కున్నా."

అందులో ఒక్క అక్షరం కూడా జారలేదు. ఆయన ఎంత నెమ్మదిగా, ఎంత జాగ్రత్తగా ఒక్కో అక్షరాన్ని చిగుళ్ల మీద, పెదాల మీద నిలబెట్టి అన్నాడో నేను దగ్గర్నుంచి చూశాను. నాయనమ్మ నా రెక్క వదిలేసి, కొంగు నెత్తి మీదికి లాక్కుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా రోజూ కరక్కాయ పెట్టడం మానలేదు గానీ, నేను ఎప్పుడు తీసేస్తున్నానో అడగడం మానేసింది.

బళ్లు తెరిచే రోజు వచ్చింది. పొద్దున్నే తలంటి, ఉతికిన పావడా కట్టించి, నాయనమ్మ అలవాటుగా కరక్కాయ పట్టుకొచ్చింది. నా ముఖం వంక చూసింది. చూసి, ఆ ముక్కను తన కొంగునే ముడేసుకుని లోపలికి పోయింది.

నాన్నతో బస్సెక్కి పేట వెళ్లాను. హెడ్మాస్టరుగారి గది ముందు పదిమంది పిల్లలు, వాళ్ల పెద్దవాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరినే పిలిచి చదివిస్తున్నారు. నా వంతు వచ్చింది. ఆయన పుస్తకం తెరిచి, వానాకాలం గురించిన పాఠం ఒకటి చూపించారు. మొదలుపెట్టాను. పాత గొంతే వచ్చింది, పచ్చి జోరీగ. వెనక బెంచీ మీద పిల్ల ఎవరో కిసుక్కున నవ్వింది. నాన్న నేల చూపులు చూడటం నాకు ఓరకంట కనపడింది.

చదవడం ఆపేశాను. ఆపి, అందరి ముందూ నోరు తెరిచి ఆవులించాను.

"ఏమ్మా, నిద్రొస్తోందా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

ఆయనకు జవాబు చెబితే లోపలి గది మూసుకుపోతుందని భయం. అందుకని చెప్పలేదు, మర్యాద తప్పిందని తెలిసినా చెప్పలేదు. అదే ఖాళీలోంచి మొదటి పంక్తి మళ్లీ అందుకున్నాను. మాట ముక్కువైపు పోకుండా తిన్నగా పెదాల మీదికి వచ్చింది. రెండో పంక్తి ఇంకా తేలిగ్గా వచ్చింది. అవతలి గోడ దాకా వెళ్లి మళ్లీ నా చెవుల్లోకి వచ్చిన గొంతు, లోపల్లోపల చదువుకునేటప్పుడు వినపడే గొంతే. నాన్న తలెత్తి, చదువుతున్నది ఎవరా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. హెడ్మాస్టరుగారు పేజీ అయిపోయాక కూడా ఆపమనలేదు. ఇంకో పేజీ తిప్పి చదివించారు. తర్వాత రిజిస్టరు తీసి నాన్నను నా పేరు, ఇంటిపేరు చెప్పమన్నారు.

బస్టాండు దాకా నడిచి వచ్చాక నాన్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, "ఆ చదివింది నువ్వేనా అమ్మా?" అని అడిగాడు. నేనే అన్నాను. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు.

ఆ సాయంత్రం పరుగెత్తుకెళ్లి తాతయ్యకు చెప్పాను. ఆయన సంతోషించాడు గానీ మామూలుగానే పుల్లలు గుచ్చుతూ విన్నాడు. నేను వెళ్లబోతుంటే ఆగమని, లోపలికి వెళ్లి అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి తెచ్చాడు. అందులో ఆయన వేషాల మాటలూ పద్యాలూ ఆయన చేత్తోనే రాసుకున్నవి ఉన్నాయి.

"నా నోటితో ఇక రావు. నీ నోటితో ఒకసారి విననీ," అన్నాడు.

చదివాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాటలు అవి, నాకు సగం అర్థం కాలేదు. ఆయన కళ్లు మూసుకుని వింటూ పెదాలు మాత్రం నాతోపాటు కదుపుతున్నాడు. ఆ ఏడాది మొదలు పేట నుంచి రాగానే కాసేపు ఆ అరుగు మీద కూర్చుని చదివి వినిపించడం నాకు అలవాటయింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. అంతకుముందే ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, నీ దగ్గరే ఉండనీ అన్నాడు.

నేను టీచరునయ్యాను. ఆ గొంతుతోనే ఇన్నేళ్లూ బతికాను. నోరు విప్పని పిల్లలు ఎంతమందినో నా ముందు ఆవులింపజేశాను. నా క్లాసు నిద్రమొహాల క్లాసని తోటి టీచర్లు ఎగతాళి చేసేవారు. రిటైరయ్యాక మాటతో పనే తగ్గిపోయింది.

మొన్న వానలప్పుడు నాకు మిగిలిన పళ్లన్నీ తీసేసి కట్టుడుపళ్లు పెట్టారు. డాక్టరమ్మ మంచి మనిషే, నెమ్మదిగా అలవాటవుతుందని చెప్పింది. ఇంటికొచ్చి, పేటలో ఉంటున్న మా చెల్లెలికి కొత్తగా తీసుకున్న నంబరు నుంచి ఫోన్ చేశాను. ఎలా ఉన్నావే అన్నాను. "ఎవరండీ మాట్లాడేది?" అంది. ఒకే చాప మీద పడుకుని పెరిగిన చెల్లెలు. నేను ఫోన్ పెట్టేశాను. చాలా బాధ వేసింది. ఈ వయసులో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడానికి నాకు ఓపిక లేదనుకున్నాను. వారం రోజులు అవసరమైతే తప్ప నోరు విప్పలేదు.

ఎనిమిదోనాడు పొద్దున్నే వసారాలో కూర్చుని ఉంటే ఆవులింత వచ్చింది. నిజం ఆవులింతే, రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. సగంలో ఆపాను, ఎందుకు ఆపానో నాకే తెలియదు. లోపల చూసుకున్నాను. అంగిలి మీద ప్లాస్టిక్ రేకు, పెదాల వెనక కొత్త గోడ, నాలుకకు ఆగే చోటు మారిపోయింది. అయినా గది ఉంది. ఆ అన్నాను. లోపలికి వెళ్లి పెట్టెలోంచి తాతయ్య నోటుపుస్తకం తీసుకొచ్చి, ఆ తల్లి మాటలు చదవడం మొదలుపెట్టాను. ప్రతి సకారం దగ్గరా గాలి పోయింది. పోయినచోట ఆగి, ఆవులించి, మళ్లీ చదివాను. ఒక పేజీకి గంట పట్టింది. వీధిలో పాలు పోసే అమ్మాయి నన్ను చూసి, రాత్రి నిద్రపోలేదా టీచరుగారూ అని అడిగింది.

అప్పుడు తెలిసింది నాకు. పుస్తకం మూసి అలాగే కూర్చుండిపోయాను. ఆ అరుగు మీద, ఆకుకో ఆవులింత చొప్పున, ఊరంతా నవ్వుకుంటూ పోతుంటే ఆ ముసలాయన చేస్తున్నది ఏమిటో డెబ్బై దాటాక తెలిసింది. ఆయనకు నిద్ర చాలక కాదు. పోయిన గొంతును ఆయన ఒక్కరోజు కూడా వెతకడం మానలేదు.

నిన్న చెల్లెలికి మళ్లీ ఫోన్ చేశాను. చేసేముందు ఒకసారి ఆవులించాను.